ఐదో క్యాపు

జీపులోంచి కాలు కింద పెట్టాడో లేదో, ఒక ముసలమ్మ ఎదురొచ్చి సారంగపాణి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"సారూ, మా పెద్దోనికి ఖబురు పంపియ్యి. వాడొచ్చేదాక చిన్నోనికి నిప్పు పెట్టనియ్య."

ఆమె కళ్ళ మీద తెల్లటి పొర. చూపు అతని ముఖం మీద కాక, భుజం దాటి ఎక్కడో నిలిచింది. పక్కనున్న ఆడవాళ్ళు ఆమెను వెనక్కి లాగబోయారు. ఆమె వదల్లేదు.

"పెద్దోడు ఎక్కడుంటడవ్వా?"

"జగ్దల్‌పూర్ల. హాతీరాం వాని పేరు. నా మీద అలిగి బండేసుకొని పోయి రెండేండ్లాయె. గా బండే అక్కడ కిరాయికి తిప్పుకుంటున్నడట. మా తమ్ముడు జైరాం ఎప్పటికప్పుడు ఆరా తీసి చెప్తనే ఉన్నడు. మొన్న దసరకు గూడ చూసినోళ్ళు చెప్పిన్రట. పోలీసోళ్ళు పిలిస్తే రాకుంట ఉంటడా సారూ? తమ్ముడు సచ్చిపోతే రాని అన్న ఉంటడా?"

పని మీద ఉన్నప్పుడు సారంగపాణి ఎవరికీ మాట ఇవ్వడు. ఇచ్చిన మాట చెల్లించుకునే ఉద్యోగం కాదని అతనికి ఎప్పుడో తెలిసొచ్చింది. కాని ఆ చెయ్యి పట్టు సడలేలా లేదు.

"పంపిస్తనవ్వా," అన్నాడు.

అప్పుడు వదిలింది.

ఆమె పేరు సోమ్లి. చనిపోయిన చిన్నకొడుకు బలరాం మెకానిక్కు. ఖమ్మం నుంచి భద్రాచలం పోయే అడవి దారిలో, తండా చివర, ఇంటి పక్కనే రేకుల కొట్టం వేసుకొని జీపులూ ట్రాలీలూ బాగుచేసేవాడు. తన సొంత డీజిల్ పికప్ ఇంజన్ లోపలంతా అరిగి, బోరుకొచ్చి, ఇక బాగుచేయడానికి కూడా పనికిరాకుండా పోయింది. ఖమ్మం పాతసామాన్ల బజారులో ఇంకో పాత ఇంజన్ కొని తెచ్చుకున్నాడు. దాన్ని ఇంటి దగ్గరే మొత్తం విప్పి, అరిగినవి మార్చి, కొత్తదానిలా బిగించుకోవాలని పని మొదలుపెట్టాడు. నిన్న తెల్లవారేసరికి ఆ ఇంజన్ కిందే శవమై కనిపించాడు.

అక్కడి సర్కిల్ ఇన్‌స్పెక్టరు ప్రమాదమని రాసేశాడు. భద్రాచలం దవాఖానాలో డాక్టరు మాత్రం తల వెనక గాయం చూసి, ఇది ఇంజన్ పడి అయింది కాదేమో అన్నాడు. ఆ ఒక్క 'ఏమో' కోసం జిల్లా క్రైం విభాగం నుంచి సారంగపాణిని పంపించారు. అతను ముందు దవాఖానాకే పోయి శవాన్ని చూసి, అక్కణ్ణుంచి వెనక్కి తండాకు వచ్చాడు. దారి పొడుగునా అతని మనసులో మెదిలింది గాయం కాదు. బలరాం చేతులు. అవి శుభ్రంగా ఉన్నాయి.

ఇంటి చూరు కింద కుర్చీలో సర్కిల్ ఇన్‌స్పెక్టరు బసవపున్నయ్య టీ తాగుతున్నాడు. మధిర వైపు మనిషి. ఇద్దరూ ఒకే బ్యాచి. ఒకే ఏడు ఇద్దరికీ ప్రమోషన్ వచ్చింది, సారంగపాణి తనతో సమానమయ్యాడన్న సంగతి బసవపున్నయ్య ఇప్పటికీ మింగలేకపోతున్నాడు.

"రావయ్యా సారంగపాణీ! ఖమ్మంలో దొంగలంతా అయిపోయారా, ఇంజన్ మీదపడి చచ్చినవాడి కోసం అడవి దాకా పంపించారు?"

"డాక్టరుకు అనుమానమొచ్చింది."

"అనుమానం ఆయనకు, ఒళ్ళు హూనం నీకు. కూర్చో. ఇదుగో, ఈయన జైరాం. అవ్వకు స్వయానా తమ్ముడు. వాగవతల తండాకు పెద్దమనిషి. మా స్టేషనుకు కుడిచెయ్యి అనుకో. ఏమడిగినా ఈయన్నే అడుగు, మళ్ళీ మళ్ళీ ఆ ముసలమ్మను ఏడిపించకు."

జైరాంకు యాభై దాటి ఉంటాయి. తెల్లచొక్కా, చేతికి వెండి కడియం, ఏడ్చి ఏడ్చి ఎర్రబడిన కళ్ళు. వచ్చినవాళ్ళకు నీళ్ళు అందిస్తున్నదీ, కట్టెల సంగతి చూస్తున్నదీ అతనే.

"బలరాంను ఆఖరుసారి ఎప్పుడు చూసినవు?" అని అడిగాడు సారంగపాణి.

"మొన్న పొద్దుగూకే యాళ్ళకు సార్. గీ తొవ్వనే పోతుంటె లోపటికొచ్చిన. ఇంజన్ బిగించుడు అయిపోయింది మామా, రాత్రికి లేపి బండిల కూసోబెడ్త అన్నడు. ఒక్కనివి ఎట్ల లేపుతవ్‌రా, పొద్దుగాల మనుషుల్ని తోలుకొస్త, ఆగురా అన్న." జైరాం చేతిలోని నీళ్ళ చెంబు కింద పెట్టాడు. "ఇన్నడా? ఎన్నడన్న ఇన్నడా నా మాట?"

"బిగించుడు అయిపోయిందా?"

"అయిపోయింది సార్. నా కండ్లార చూసిన."

"సాయం ఎవలుండేటోళ్ళు?"

"ఎవలూ లేరు. ఎవల్ని దగ్గరికి రానియ్యడు. ఒక్కడే."

గుంజకు ఆనుకొని కూర్చున్న ఆడపిల్ల తలెత్తింది. బలరాం భార్య లాలి. అప్పటిదాకా ఆమె అక్కడ ఉన్నట్టే లేదు.

"నేనుండేదాన్ని," అంది. "పానాలు నేనే అందిచ్చిన. ఇప్పేటప్పుడు లైటు నేనే పట్టిన."

జైరాం ఆమె వైపు చూశాడు. చూసి, చూపు తిప్పుకొని, భుజం మీది తువాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"రాత్రి ఏమన్న చప్పుడైందా అమ్మా?"

"చైను చప్పుడైంది సార్. ఇంజన్ లేపే చైను. రోజుటి చప్పుడే గదా. పనిచేసుకుంటున్నడు అనుకొని పండుకున్న." ఆ మాట అయ్యేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సారంగపాణి ఇంకొకటి అడగబోయాడు. జైరాం మధ్యలోకి వచ్చాడు.

"కోడలుపిల్ల మాట్లాడే తీరుల లేదు సార్. దవాఖానల సంతకం పెట్టాల్నట. పెట్టకుంటె కోసుడు మొదలువెట్టరట. నేను బండి మీద తోలుకపోయి జల్దీ తోలుకొస్త."

"వెళ్ళు, వెళ్ళు," అన్నాడు బసవపున్నయ్య. "మధ్యాహ్నం దాటితే ఆ డాక్టరు మళ్ళీ దొరకడు. సంతకమైతే శవాన్నిచ్చేస్తారు."

ఏడుస్తున్న మనిషిని ప్రశ్నలతో ఆపడం సారంగపాణికి చేతకాలేదు. "వచ్చినంక మాట్లాడుదం అమ్మా," అన్నాడు. లాలి లేచి, కొంగు దోపుకొని, జైరాం మోటర్‌సైకిల్ వెనక కూర్చుంది. బండి అడవి దారి పట్టింది.

కొట్టం బయట గుంజకు ఒక ముసలి ఆవు కట్టేసి ఉంది. తొడ మీద వాత పెట్టిన పాత ముద్ర. నెలవంకలాంటి వంపు, దాని కింద ఒక అడ్డగీత. సారంగపాణి దాన్ని తప్పించుకొని లోపలికి పోయాడు.

పైన దూలానికి చైను, దానికి ఖాళీ కొక్కెం. కింద ఇంజన్ పక్కకు ఒరిగి పడి ఉంది. శవాన్ని తీసేటప్పుడు దాన్ని అటు దొర్లించారు. దానికి హెడ్డు లేదు. పిస్టన్లు లేవు. అడుగున ఆయిల్ చాంబరు లేదు. పిస్టన్లు నాలుగూ పక్కన చెక్క మీద, కిరోసిన్‌తో కడిగి, వరస తప్పకుండా పేర్చి ఉన్నాయి. ఒక్కో దానికి దాని నంబరు తెలిసేలా దారం ముళ్ళు వేసి ఉన్నాయి. పనిమంతుడి పని.

సారంగపాణి కాసేపు ఏమీ ముట్టుకోలేదు. తర్వాత కింద కూర్చుని ఇంజన్ అడుగు భాగాన్ని చూశాడు.

"ఏమంటోంది ఇంజను?" గుమ్మంలో బసవపున్నయ్య.

"బిగించుడు అయిపోయిందని జైరాం చెప్పిండు గదా. చూడు, ఎక్కడ బిగించిండు? ఇది ఇంకా ఇప్పుతున్న ఇంజను. బండిల కూసోబెట్టనీకి ఇందుల ఏముంది? ఒట్టి డొల్ల."

"జైరాంకు బిగించిందేదో విప్పిందేదో ఏం తెలుస్తుందయ్యా? వాడు మెకానిక్కా?"

"ఆగు. దీన్ని తలకిందులు చేసి, గీ రెండు మొద్దుల మీద పెట్టి ఇప్పుతున్నడు. మొద్దుల మీద నూనె మరక చూడు, సరిగ్గ ఇంజన్ అంత. అడుగున అడ్డంగ పడుకొని తిరిగే ఇరుసు ఉంటది, క్రాంకు. దాన్ని పట్టుకొని ఉండేటియి కింది క్యాపులు. ఆ క్యాపులు తీసేసిండు. తీసినంక దీన్ని చైనుకు తగిలిచ్చి పైకి లేపితే ఏమైతది?"

"ఏమవుతుంది?"

"ఇంజన్ తిరగబడ్తది. క్రాంకు జారి నేల మీద పడ్తది. అదిగో, పడ్డది."

గోడ వారన క్రాంకు పడి ఉంది. అద్దంలా మెరవాల్సిన చోట మట్టి అంటుకొని, ఒక అంచు చిట్లి ఉంది.

"పనోడైతే ముందు దాన్ని పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి, నూనె గుడ్డల చుట్టి పక్కన పెడ్తడు. దానికి దెబ్బ తాకితే ఇంజన్ మొత్తం దండుగ. నాలుగు పిస్టన్లకు దారం కట్టి పెట్టుకున్నోడు క్రాంకును మట్టిల పడేస్తడా? ఈ ఇంజన్ లేపింది బలరాం గాదు పున్నయ్యా. ఇంజన్ సంగతి తెల్వనోడు లేపిండు."

బసవపున్నయ్య నవ్వాడు. పైపెదవి మాత్రమే కదిలింది.

"మీ నాన్న బొగ్గుగని వర్క్‌షాపులో పానాలు పట్టేవాడని విన్నాను. కొడుక్కి యూనిఫారం వచ్చినా ఆ వాసన వదల్లేదన్నమాట."

"వదల్లే." సారంగపాణి లేచి చేతులు దులుపుకున్నాడు. "ఆయన పోయినప్పుడు నేనూ మా అన్నా స్నానం పోయించినం. సబ్బు పెట్టినం, పీచు పెట్టినం. గోర్ల కింది నలుపు పోలే. ఆ నలుపు తోటే పాడె ఎక్కించినం. పనిల ఉండంగ సచ్చిపోయిన మెకానిక్కు చేతులెట్లుంటయో నాకు తెలుసు. నువ్వు బలరాం చేతులు చూసినవా?"

"చేతులేం చూస్తాం? ఛాతీ నుగ్గయిపోయి ఉంటే."

"సబ్బుపొడి పెట్టి మోచేతుల దాక తోముకున్నడు. గోర్ల సందుల తప్ప ఎక్కడా నలుపు లేదు. మీద ఉతికిన అంగీ. ఇంజన్ కింద దూరేటోడు చేతులు కడుక్కొని, ఉతికిన అంగీ తొడుక్కొని దూరుతడా?"

సారంగపాణి బూటు కొసతో నేల మీది రంపపుపొట్టును పక్కకు తోశాడు. నూనె కారిన చోట పొట్టు చల్లడం మెకానిక్కులకు అలవాటే. కాని నూనె అంతా మొద్దుల చుట్టూ ఉంటే, ఈ పొట్టు గుమ్మానికి దగ్గరగా, కుప్పగా ఉంది. కింది పొర నేలకు అంటుకుపోయింది. రాలేదు. ముదురు గోధుమరంగు.

"ఇది నూనె గాదు," అన్నాడు. "శవం పడ్డ చోట ఒక్క చుక్క లేదు. ఇక్కడుంది. వెనకనుంచి ఇక్కడ కొట్టిన్రు. అటెంక అటు ఈడ్చి మీద ఇంజన్ వదిలిన్రు. లాలి ఇన్న చైను చప్పుడు అదే. మొగడు పనిచేస్తుండనుకొని ఆమె పండుకుంది."

బయట ఆవు మెడలో గంట మోగింది.

"జైరాం అబద్ధమాడుతున్నాడంటావా?" అన్నాడు చివరికి బసవపున్నయ్య. గొంతులో ఇందాకటి వెటకారం తగ్గింది, కోపం పెరిగింది. "వాడు నా మనిషి. పదేళ్ళుగా ఈ అడవిలో ఏ కర్ర ఎటు పోతోందో నాకు చెప్పేది వాడే. పెద్దవాడు ఇల్లొదిలి పోయినప్పుడు కూడా, అలిగి పోయాడు సార్, వెతకడం దండగని చెప్పింది వాడే."

"నువ్వు వెతకలే."

"ఎందుకు వెతకాలి? వయసొచ్చినవాడు, సొంత బండి, ఎక్కడో బతుకుతున్నాడు. సరే, నువ్వన్నట్టే అనుకుందాం. మేనమామ మేనల్లుణ్ణి ఎందుకు చంపుతాడు? భూమి తగాదా లేదు. ఆడమనిషి గొడవ లేదు. కారణం చెప్పు. చెబితే నేనే బేడీలు వేస్తాను."

కారణం సారంగపాణి దగ్గర లేదు. ఉన్నదల్లా ఎందుకో తనకే తెలియని తొందర. బయటికి వచ్చి తన జీపు దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్‌ను పిలిచాడు.

"దవాఖానకు వైర్‌లెస్‌ల మాట్లాడు. లాలి సంతకం పెట్టిందా అడుగు. దారిల చెక్‌పోస్టు వాళ్ళను గూడ అడుగు."

"నా కళ్ళముందే నా మనిషి మీద నిఘానా?" అన్నాడు బసవపున్నయ్య వెనకనుంచి.

సారంగపాణి మళ్ళీ లోపలికి పోయి, ఇంజన్ ముందు కూర్చున్నాడు. దాని పక్కన నంబరు ఉండాల్సిన చోట ఎవరో సాన పట్టి చెరిపేశారు. పాతసామాన్ల బజారులో అదేం వింత కాదు. కిరోసిన్ తట్టలో చెయ్యి పెట్టి క్యాపుల్ని ఒక్కొక్కటే బయటికి తీశాడు. ఏది ఏ చోటిదో తెలియడానికి మెకానిక్కులు చుక్కలు కొడతారు. ఒక చుక్క ఉన్నది. రెండు చుక్కలది. నాలుగు చుక్కలది. అయిదు చుక్కలది.

"నాలుగే ఉన్నయి. ఐదోది, నడిమిది లేదు," అన్నాడు.

"పాత ఇంజనయ్యా. కొన్నప్పుడే లేదేమో."

"బోల్టు రంధ్రాలల్ల తడి నూనె ఉంది. మొన్నటిదాక ఉంది. ఇప్పినంకనే పోయింది."

"ఇనుప ముక్క కోసమా సారూ?"

గుమ్మంలో సోమ్లి నిలబడి ఉంది. గోడ తడుముకుంటూ వచ్చినట్టుంది. చంకలో పాత గుడ్డ మూట.

"చిన్నోడు దాచిపెట్టుమన్నడు. జొన్నల గుమ్మిల పెట్టిన. మీరు అదే ఎతుకుతున్నట్టు ఇనబడ్డది."

సారంగపాణి ఎదురుపోయి మూట అందుకున్నాడు. ముడి విప్పలేదు.

"ఎప్పుడిచ్చిండవ్వా?"

"మొన్ననే. పొద్దుగూకంగ లోపటికొచ్చిండు. అన్నం తిన్రా అంటె ఆకలి లేదన్నడు. గీ మూట నా చేతులబెట్టి, యాడీ, దాచు, ఎవలికియ్యకు అన్నడు. నన్ను అమ్మా అనడు, మా మాటల యాడీ అనే పిలుస్తడు. ఏందిరా గిది అంటె చెప్పలే. ఒక సంగతి బయటపడ్డది యాడీ, ఠాణాకు పోవాల్నా అని అడిగిండు."

"నువ్వేమన్నవు?"

"ఏమంట సారూ?" ఆమె గొంతులో చిన్న గర్వం పలికింది. ఇంటి మర్యాద సంగతి చెప్పేటప్పుడు పలికే గర్వం. "పెద్దమనిషికి చెప్పకుంట మా తండాలల్ల ఎవలూ ఠాణా మెట్లెక్కరు. ముందుగాల మామకు చెప్పురా, ఏం చెయ్యాల్నో ఆయన చూస్తడు అన్న. నిజమే యాడీ అన్నడు. ఎన్నడు గూడ మాట తీసేయడు. చేతులు కడుక్కొని, ఉతికిన అంగీ తొడుక్కొని వాగవతలకు పోయిండు. ఎప్పుడు మర్లి వచ్చిండో నాకు తెల్వది. పెద్దోళ్ళ ముందుకు నూనె చేతులతోటి పోతె బాగుంటదా?"

బసవపున్నయ్య గుమ్మానికి ఆనుకున్నవాడు నిటారుగా నిలబడ్డాడు.

'గీ తొవ్వనే పోతుంటె లోపటికొచ్చిన' అని చెప్పాడు జైరాం. వాగు దాటి బలరాం తన ఇంటికి వచ్చిన సంగతి చెప్పలేదు.

సారంగపాణి మూట ముడి విప్పాడు. అరచేతిలో పట్టేంత ఇనుప ముక్క. అంచున మూడు చుక్కలు. తిరగేశాడు. లోపలి వైపు, ఇంజన్ బిగిస్తే ఎవరి కంటా పడని చోట, ఉలితో కొట్టిన గుర్తు ఒకటి ఉంది. నెలవంకలాంటి వంపు. దాని కింద ఒక అడ్డగీత.

అతను తల తిప్పి, గుమ్మం అవతల కట్టేసి ఉన్న ఆవు తొడ వైపు చూశాడు.

"అవ్వా," అన్నాడు. మాటలు ఏరుకోవాల్సి వచ్చింది. "ఆవు మీది ముద్ర ఎవలది?"

"మా ఇంటిది. మా మామ తండ్రి ఎడ్ల మీద ఉప్పు మోసిన నాటిది. తప్పిపోయిన గొడ్డు ఏ ఊర్ల కనబడ్డా గుర్తుపట్టనీకి. పరాయి గొడ్డుకు ఎయ్యం. మా కొట్టంల పుట్టిందానికే, మా కొట్టంలకొచ్చిందానికే."

"బండ్లకు గూడ ఏస్తరా?"

ముసలమ్మ ముఖం మెత్తబడింది.

"ఒక్కసారి ఏసిండ్రు. హాతీరాం బండి కొన్నప్పుడు. పాత బండే. చిన్నోడు అప్పుడే పని నేర్చుకొని వచ్చిండు. గీ కొట్టంలనే దాని ఇంజన్ మొత్తం ఇప్పి బిగించిండు. ఇది గూడ మనింటి గొడ్డే గద భియా అని అన్నతోటి చెప్పి లోపట ఎక్కడనో ముద్ర కొట్టిండట, ఎవలికీ కనబడకుంట. అన్నదమ్ములిద్దరు ఒకటే నవ్వుడు. నేను గీ గుమ్మంలనే ఉన్న." ఆమె ఆగింది. "ఎందుకడుగుతున్నవు సారూ?"

సారంగపాణి గుప్పిట మూశాడు. ఆలస్యమైంది. గుడ్డలో ఉన్నది ఇనుప ముక్క అని తప్ప అదేమిటో ఎరగని మనిషి, అతని మౌనాన్ని విన్నది. చెయ్యి చాచింది.

"ఏది? ఇటియ్యి."

"అవ్వా..."

"ఇయ్యి బిడ్డా."

ఇచ్చాడు. ఆమె వేళ్ళు ఇనుము అంచు మీదుగా నడిచాయి. చుక్కల్ని దాటాయి. తిరగేశాయి. వంపు మీదికి వచ్చి ఆగాయి. అడ్డగీత మీదికి దిగి, మళ్ళీ వెనక్కి, వంపు మొదటికి పోయాయి. గొడ్డు ఎంత దూరం తిరిగి వచ్చినా చీకట్లో కూడా తడిమి గుర్తుపట్టిన వేళ్ళవి.

"జగ్దల్‌పూర్ల తిరుగుతున్నదన్నరు గద గా బండి," అంది, ఎవరితోనూ కాదు.

బసవపున్నయ్య టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. కారణం అడిగిన మనిషికి కారణం దొరికింది. హాతీరాం ఎక్కడికీ పోలేదు. అతనితోపాటు మాయమైన బండిని ఎవరో ముక్కలు చేశారు. పనికొచ్చే ఇంజన్‌ను నంబరు చెరిపి పాతసామాన్లకు అమ్మారు. తిరిగి తిరిగి అది తమ్ముడి చేతికే వచ్చింది. బండి ఇంకా నడుస్తున్నదని, మనిషి ఇంకా ఉన్నాడని, ఈ రెండేళ్ళూ పండగ పండగకూ వచ్చి కబురు చెప్పింది ఒక్కడే. ఆ కబుర్లు ముసలమ్మా నమ్మింది. ఠాణా కూడా నమ్మింది. హాతీరాంను జైరాం ఎందుకు చంపాడో ఇంకా తేలాలి; బలరాంను మాత్రం ఆ సంగతి బయటపడకుండా చంపాడు.

"నేనే పంపిన గద సారూ," అంది సోమ్లి. ఏడవలేదు. "ముందుగాల మామకు చెప్పుమని... నేనే పంపిన."

సారంగపాణి ఆమె భుజం పట్టుకొని మొద్దు మీద కూర్చోబెట్టాడు. ఆమె క్యాపును ఒడిలో పెట్టుకొని, దాని మీద కొంగు కప్పింది.

బయట నుంచి కానిస్టేబులు పరుగెత్తుకొచ్చాడు.

"సార్, దవాఖానకు ఎవలూ రాలేదట సార్. సంతకం కోసం డాక్టరు ఎదురుచూస్తున్నడట. చెక్‌పోస్టు గూడ దాటలేదట."

'ఇప్పేటప్పుడు లైటు నేనే పట్టిన.' లాలి ఆ మాట అన్నప్పుడు జైరాం చూసిన చూపు సారంగపాణికి ఇప్పుడు అర్థమైంది. బలరాం ఆ ముద్ర చూసిన క్షణాన పక్కన ఉన్న మనిషి ఆమె ఒక్కతే. ఆమె ఏం చూసిందో జైరాంకు తెలియదు. తెలుసుకునే దాకా ఆగే రకం కాదు.

"నేనే వెళ్ళమన్నాను," అన్నాడు బసవపున్నయ్య. ముసలమ్మ అన్న మాటే తన నోటి నుంచి వచ్చిందని అతనికి తెలిసినట్టు లేదు. "చెక్‌పోస్టుకు ఇవతల, వాగు పక్కనుంచి కలప లాగే బాట ఉంది. లోపలికి పోతుంది. వాడికి తప్ప ఇంకెవరికీ..." మాట పూర్తి చేయకుండానే జీపు వైపు పరుగెత్తాడు. టోపీ కొట్టంలోనే పడిపోయింది.

సారంగపాణి అతని వెనకే కదిలాడు. జీపు ఎక్కబోతుంటే, ఎట్లా వచ్చిందో, సోమ్లి బానెట్ తడుముకుంటూ వచ్చి అడ్డం నిలబడింది.

"సారూ, పెద్దోనికి ఖబురు పంపకు."

"అవ్వా, పక్కకు జరుగు."

"చిన్నోనికి అన్న రాడు. కోడల్ని తోలుకరా. నిప్పు ఆమె చేతనే పెట్టిస్త. ఎవలేమన్నా సరే. ఇంటికి మిగిలింది అదొక్కతే." ఆమె చెయ్యి గాలిలో వెతికి అతని చెయ్యి పట్టుకుంది. పొద్దున పట్టుకున్నంత గట్టిగానే. "తోలుకొస్త అను సారూ."

ఈసారి సారంగపాణి మాట ఇవ్వలేదు. ఆమె వేళ్ళను ఒక్కొక్కటే విడిపించుకొని, జీపు ఎక్కాడు.